జడ్జిగారి ముందు భోజనం

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నాలుకరాయుడు రచ్చ ఎప్పుడో గెలిచేశాడు. ఇల్లే మిగిలిపోయింది.

ఆయన ఉద్యోగం టీ రుచి చూడటం. పొడవాటి బల్ల మీద వరసగా తెల్లటి గిన్నెలుంటాయి. గిన్నెల్లో పాలూ చక్కెరా లేని డికాక్షను ఉంటుంది. ఒక్కోదాంట్లోంచి చెంచాడు తీసి, పక్క గదికి వినపడేలా జుర్రున పీల్చి, నోరంతా తిప్పి, పక్కనున్న డబ్బాలో తుపుక్కున ఉమ్మేసి, "వగరెక్కువ", "ఆకు మాడింది", "ఇది కొనండి" అంటాడు. ఆయన కొనమన్నది కంపెనీ కళ్ళు మూసుకుని కొంటుంది. మింగే ప్రశ్నే లేదు. బల్ల మీదున్నదంతా మింగితే ఆ మనిషికి వారం రోజులు నిద్ర పట్టదు. తోటివాళ్ళు ముచ్చటపడి నాలుకరాయుడని బిరుదిచ్చారు. అసలు పేరు ఇప్పుడు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వాడుకలో లేదు.

అంతటి రాయుడూ ఇంటికొచ్చేసరికి రెండున్నరేళ్ళ పిల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. ఆ పిల్లని ఇంట్లో జడ్జిగారంటారు. ఎత్తు కుర్చీలో కూర్చుంటుంది. ముందున్న గిన్నెలోకి ఒకసారి, పెట్టినవాళ్ళ మొహంలోకి ఒకసారి చూస్తుంది. నోట్లో పెట్టిందల్లా బయటికి పంపించేసి "ఊహూ" అంటుంది. కేసు కొట్టేసినట్టే. పైకోర్టు లేదు.

మామూలు పిల్లయితే ఆకలేస్తే అదే తింటుందిలే అని వదిలెయ్యొచ్చు. జడ్జిగారి సంగతి వేరు. పాలు, గుడ్డు, మాంసం, పప్పు, ఆఖరికి మామూలు రొట్టె కూడా ఆమె ఒంటికి పడవు. వాటిల్లోని మాంసకృత్తుల్ని అరిగించుకునే శక్తి పుట్టుకతోనే లేదు. తింటే వాటిలోని ఒక పదార్థం రక్తంలో పేరుకుని మెదడుకి చేటు చేస్తుంది. అందుకని ఆస్పత్రివాళ్ళిచ్చిన పొడి నీళ్ళలో కలిపి తాగించాలి, దానికి తోడు మాంసకృత్తులు తీసేసిన పిండితో కాచిన జావ పెట్టాలి. అదీ తినకపోతే ఒళ్ళు తన కండనే కరిగించుకుంటుంది, కండలో ఉండేదీ ఆ మాంసకృత్తులే. తినకూడనిది తిన్నా ముప్పే, తినాల్సింది తినకపోయినా ముప్పే. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆ పొడి వాసన సంగతి చెప్పుకోవాలి. తడిసిన అట్టపెట్టెలో మందుసీసా పగిలితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

"ఈసారీ రక్తంలో లెక్క తగ్గలేదు," అంది డాక్టరమ్మ మొన్న. "వచ్చే పరీక్షలోనూ ఇలాగే ఉంటే ముక్కులోంచి పొట్టలోకి గొట్టం వేసి పొడి పంపిద్దామండీ. భయపడాల్సిందేం లేదు. చాలామంది పిల్లలకి వేస్తుంటాం."

ఆవిడ మంచిగానే చెప్పింది. నాలుకరాయుడికి మాత్రం ఒక్కటే ఆలోచన. ఆ బుల్లి ముక్కులోకి గొట్టమా? దారి పొడుగునా పిల్లని భుజం మీదేసుకుని ఆ ముక్కునే చూసుకుంటూ వచ్చాడు. ఎలాగైనా తినిపించి తీరాలనుకున్నాడు.

పొద్దున పూట తినిపించడం ఆయన వంతు. భార్య సిటీబస్సు నడుపుతుంది. తెల్లారకముందే డిపోకి వెళ్ళిపోతుంది. ఆయన అత్తగారు వాళ్ళతోనే ఉంటుంది గానీ పొద్దున్నే మోకాళ్ళు ఆవిడ మాట వినవు. ఆయనేమో తన విద్యంతా గుమ్మరించాడు. రుచి కుదిరితే ఎందుకు తినదు, అని ఆయన ధీమా. డాక్టరమ్మ సరేనన్న ఎసెన్సులన్నీ తెచ్చి, నిమ్మ ఒక చుక్క, నారింజ ఒక చుక్క కలిపి, చెంచాతో జుర్రి, నోట్లో తిప్పి చూసి, పక్కనే పెట్టుకున్న కప్పులో ఉమ్మి, "ఊహూ, ఇంకాస్త పులుపుండాలి," అని మళ్ళీ కలిపేవాడు. ఆ పొడి గొంతు దిగితే మధ్యాహ్నం దాకా నాలుకకి గడ్డికీ గులాబీకీ తేడా తెలియదు. ఉద్యోగంలో ముఖ్యమైన పని పొద్దున పూటే ఉంటుంది మరి. అదే కారణాన ఆయన మధ్యాహ్నం దాకా ఏమీ తినడు కూడా.

ఇన్ని చేసినా జడ్జిగారు కరగలేదు. చెంచా విమానమైంది, రైలైంది, ఒకరోజు అమ్మ నడిపే బస్సు కూడా అయింది. స్టాపులో ఆగింది గానీ ప్రయాణికులెవరూ లోపలికి దిగలేదు.

ఆ ఇంట్లో ఇంకో కట్టుబాటుంది. ఏడాది కిందట తల్లి ఉడికించిన గుడ్డు తింటుంటే పిల్ల తప్పటడుగులేసుకుంటూ వచ్చి చెయ్యి చాపింది. ఇవ్వడానికి లేదు. పిల్ల ఏడ్చింది, తల్లి అంతకంటే ఎక్కువ ఏడ్చింది. ఆ రోజు నుంచీ జడ్జిగారి కళ్ళముందు ఎవరూ ఏమీ తినకూడదని ముగ్గురూ ఒట్టేసుకున్నారు. తల్లి డిపోలో తిని వస్తుంది. తండ్రి ఫ్రిజ్ తలుపు చాటున నిలబడి గుటుక్కుమనిపిస్తాడు. అత్తగారైతే పళ్ళెం తీసుకుని బాత్రూములోకి వెళ్ళి, గడియ పెట్టి, పంపు తిప్పి, ఆ చప్పుడులో నములుతుంది. ఒకసారి పిల్ల తలుపు బాదితే దొంగకి తేలు కుట్టినట్టు బయటికొచ్చింది, గడ్డం మీద రొట్టె తునకతో.

"దగ్గొచ్చిందమ్మా, దగ్గుతున్నా," అంది.

ఇంట్లో ముగ్గురు దొంగలూ ఒక జడ్జీ. అలా కాలక్షేపం అవుతోంది.

పరీక్ష దగ్గరపడుతుండగా ఒక పొద్దున అత్తగారు కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సి వచ్చింది. పిల్లని చూసేవాళ్ళు లేరు. నాలుకరాయుడు ఆమెని చంకనేసుకుని ఆఫీసుకి తీసుకెళ్ళాడు.

రుచి చూసే గదిలోకి అడుగుపెట్టగానే జడ్జిగారి మొహం వెలిగిపోయింది. పొడవాటి బల్ల, వరసగా గిన్నెలు, తెల్ల ఏప్రన్లు కట్టుకున్న నలుగురు పెద్దమనుషులు జుర్రుమంటూ, తిప్పుతూ, ఉమ్ముతూ ఉన్నారు. తండ్రి చంకలోంచి జారి, బల్ల దగ్గరున్న స్టూలు పట్టుకుని ఎక్కబోయింది.

ఆ గదికి పెద్దయిన ముసలాయన్ని అందరూ పెద్దాయన అంటారు. ఆయన సరదాపడి పిల్లని స్టూలెక్కించి, రెండు చిన్న గిన్నెల్లో గోరువెచ్చని నీళ్ళు పోసి, చెంచా చేతికిచ్చాడు.

"చూడమ్మా, ఎలా ఉందో చెప్పు."

జడ్జిగారు చెంచా ముంచింది. జుర్రున పీల్చింది. ఈ బుగ్గలోంచి ఆ బుగ్గలోకి తిప్పింది. కళ్ళు సగం మూసి కాసేపు ఆలోచించింది. వంగి డబ్బాలో తుపుక్కున ఉమ్మింది. చుక్క కింద పడలేదు.

"ఊహూ," అంది.

గది గదంతా గొల్లున నవ్వింది. పెద్దాయన కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. "రాయుడూ, నీ ఉద్యోగానికి ఎసరొచ్చిందయ్యా! మొన్న చేరిన కుర్రాడికి ఈ ఉమ్మడం నేర్పడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఇంట్లో ఎంత బాగా నేర్పావు!"

"నేనేం నేర్పలేదండీ," అని నవ్వాడు నాలుకరాయుడు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

పిల్ల రెండో గిన్నె దగ్గరికి జరిగింది. మళ్ళీ జుర్రింది, తిప్పింది, ఉమ్మింది. ఇంట్లో జావ దగ్గరా ఇంతే. పొడి నీళ్ళ దగ్గరా ఇంతే. ఏడవదు, మొహం తిప్పుకోదు, చెంచా తొయ్యదు. నోట్లో పెట్టుకుంటుంది, తిప్పుతుంది, ఉమ్ముతుంది. నాన్న పొద్దున్నే తనెదురుగా నిలబడి ఏం చేస్తాడో అచ్చం అదే. ఆమెకి నచ్చక కాదు. తినడమంటే ఇదే అనుకుంటోంది. నిమ్మ చుక్కలూ నారింజ చుక్కలూ తలుచుకుని ఆయనకి తన మీద తనకే అసహ్యం వేసింది.

సాయంత్రం ఇంట్లో పంచాయితీ పెట్టాడు. అంతా విని అత్తగారు ఊరుకోలేదు.

"ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అల్లుడుగారూ? మీరు పొద్దున్నే తుపుక్కు తుపుక్కుమంటే పిల్ల ఇంకేం చేస్తుంది?"

"నేనుమ్ముతాననే అనుకోండి అత్తయ్యా! మింగేవాళ్ళు మీరిద్దరూ ఉన్నారుగా. మిమ్మల్ని చూసి నేర్చుకోవచ్చుగా!"

డ్యూటీ దిగి వచ్చి, యూనిఫాం కూడా మార్చుకోని భార్య అప్పుడు మెల్లిగా అంది. "ఎక్కడ చూసిందండీ? ఏడాదిగా దాని ముందు మనం ఏమన్నా తిన్నామా?"

బాత్రూము వైపు అత్తగారూ, ఫ్రిజ్ వైపు అల్లుడూ చూశారు. తిలాపాపం తలా పిడికెడు. పిల్ల బాధపడుతుందని దాచారు. దాచి దాచి, మనుషులు మింగుతారన్న సంగతే తెలియకుండా చేశారు.

"ఇవాళ్టినుంచీ దాని ముందే తిందాం," అన్నాడు నాలుకరాయుడు.

"ఏం తింటాం? గుడ్డా?" అంది భార్య.

"అది తినేదే మనమూ తిందాం."

"ఆ పొడా!" అంది అత్తగారు గుండె పట్టుకుని. మళ్ళీ తనే, "సరే కానీండి. ఈ వయసులో నాకు ఇదొక్కటే తక్కువైంది," అని నాలుగు గిన్నెలు సర్దింది. పొడి డబ్బాలోది పిల్లకే. పెద్దవాళ్ళకి డాక్టరమ్మ ఎప్పుడో ఇచ్చిన శాంపిల్ పొట్లాలు మూడున్నాయి.

ముగ్గురూ జడ్జిగారి కుర్చీ ఎదురుగా ముద్దాయిల్లా కూర్చున్నారు. మొదట నాలుకరాయుడు చెంచా ఎత్తాడు. పొడి నీళ్ళు నాలుక మీద పడ్డాయి. ఇరవై ఏళ్ళుగా ఉమ్మడం నేర్చిన నోరది. చెప్పకుండానే పెదాలు సున్నాలా చుట్టుకున్నాయి, మెడ పక్కకి తిరిగింది. పిల్ల అది గమనించింది. పాపం నాన్నకి ఇబ్బందిగా ఉందనుకుని, తన ఖాళీ కప్పు రెండు చేతులతో ఎత్తి, ఆయన గడ్డం కింద పట్టింది.

నాలుకరాయుడు మింగలేక, కక్కలేక ఒక్క క్షణం అలా ఉండిపోయాడు. తర్వాత గుటక వేశాడు. ఒళ్ళంతా జలదరించింది.

పిల్ల కప్పులోకి చూసింది. ఏమీ లేదు. నాన్న నోట్లోకి చూసింది. అక్కడా లేదు.

"ఏదీ?" అంది.

"పొట్టలోకెళ్ళిందమ్మా," అని ఆయన చొక్కా ఎత్తి చూపించాడు. ఆమె ముందుకి వంగి ఆ బొజ్జ మీద చెవి పెట్టింది. లోపల ఏదో గుడగుడమంది. జడ్జిగారి కళ్ళు పెద్దవయ్యాయి. ఈలోగా తల్లి మింగింది. ఆమె నోరూ తెరిపించి చూసింది. ఆఖరున అత్తగారు కళ్ళు మూసుకుని, ఏ పాపం చేశానో అనుకుంటూ మింగింది. ఆవిడ నోట్లో మాత్రం పిల్ల వేలు పెట్టి మరీ వెతికింది, కట్టుడుపళ్ళు కదిలిపోయేదాకా.

విచారణ పూర్తయింది. జడ్జిగారు తన చెంచా అందుకుంది. జుర్రింది, తిప్పింది, ఉమ్మింది. ముగ్గురూ నీరుగారిపోయారు. మళ్ళీ చెంచా ముంచింది. జుర్రింది, తిప్పింది, ఆగింది. నాన్న గొంతు వైపు చూసింది. ఆయన ఉత్తి నోటితోనే గుటక వేసి చూపించాడు. ఆమె మెడ ముందుకి చాచి, పెద్ద పని చేస్తున్నట్టు గుటుక్కుమంది. తర్వాత నోరు తెరిచి, వేలు పెట్టి వెతుక్కుని, "లేదు!" అని అరిచింది. గౌను ఎత్తి తన పొట్ట తను చూసుకుంది.

నాలుకరాయుడు ఏడ్చేశాడు. అత్తగారి ముందని కూడా చూసుకోలేదు.

ఒక్క పూటలో అంతా చక్కబడలేదు. కొన్ని రోజులు సగం మింగి సగం ఉమ్మేది. తను మింగినప్పుడల్లా మిగతావాళ్ళూ మింగారో లేదో తనిఖీ చేసేది. ఆ పొట్లాలు అయిపోతే పెద్దవాళ్ళు ఆమె ముందు ఉప్పూ కారం లేని ఆ పిండి జావే తాగారు. నాలుకరాయుడు మాత్రం పొద్దున్నే పిల్ల గిన్నెలోంచే ఒక్క చెంచా పొడినీళ్ళు మింగి చూపించేవాడు. అది లేకుండా ఆమె మొదలుపెట్టేది కాదు. ఆఫీసులో పెద్దాయనకి చెప్పేశాడు. "మధ్యాహ్నం దాకా నా నాలుకని లెక్కలోకి తీసుకోకండి." మేలురకం సరుకంతా వచ్చేది పొద్దున్నే. అదంతా వేరేవాళ్ళ బల్లకి వెళ్ళిపోయింది. బాధేసింది, వెయ్యలేదంటే అబద్ధం. కానీ ఆ బుల్లి ముక్కు గుర్తొస్తే బాధ నిలిచేది కాదు.

పరీక్షయింది. రెండ్రోజులకి డాక్టరమ్మే ఫోన్ చేసింది. "లెక్క బాగా దిగిందండీ. గొట్టం అక్కర్లేదు. రోజూ ఒక చిన్న బంగాళాదుంప ముక్క పెట్టి చూడండి. తూకం వేసి, అంతే. దానికి మించి వద్దు."

ఆ సాయంత్రం అత్తగారు దుంప ఉడికించింది. తల్లి తూచింది. తండ్రి గిన్నెలో పెట్టాడు. జడ్జిగారు ముక్క నోట్లో వేసుకుని, తిప్పి, ఆలోచించి, మింగింది. ఎవరి నోరూ తనిఖీ చెయ్యలేదు. మిగిలింది గబగబా రెండు చేతులతో కుక్కుకుంది. ఖాళీ గిన్నె నాన్న ముందుకి తోసింది.

"ఇంకా," అంది.

ఒక్క చెంచా తినమ్మా అని ఇన్నాళ్ళూ బతిమాలారు, ఇప్పుడు తనే అడిగితే పెట్టడానికి లేదు.

"అయిపోయిందమ్మా," అన్నాడు నాలుకరాయుడు.

"ఇంకా!"

జావ పెట్టారు. ఊహూ అంది. అదే కావాలి. కాళ్ళు కుర్చీకేసి కొడుతూ కొండంత రాగం తీసింది. భార్య లేవబోతే అత్తగారు చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండవే," అంది ఆవిడ, కళ్ళు తుడుచుకుంటూ. "తిండికోసమే ఏడుస్తోంది."

ఎత్తుకుని ఊరుకోబెట్టాలని ముగ్గురికీ తెలుసు. అయినా ఒక్క నిమిషం అలాగే వింటూ కూర్చున్నారు.