మేస్త్రి పని

గని గోడ కూలినప్పుడు కింద ఎర్రన్న ఒక్కడే ఉన్నాడు. మిగతా కూలీలు మాంగనీసు రాయి గంపలెత్తుకుని పైకి వస్తున్నారు. వెనక పెద్ద చప్పుడయింది. తిరిగి చూస్తే ఎర్రన్న ఉన్నచోట మట్టీ రాళ్ళూ గుట్టపడి ఉన్నాయి.

అందరికంటే ముందు మేస్త్రి జీవరత్నం కిందికి పరుగెత్తాడు. ఆడా మగా గునపాలతో, పారలతో, ఉత్త చేతులతో తవ్వడం మొదలుపెట్టారు. ఏనాడూ మొగుణ్ణి పేరుపెట్టి పిలవని జగ్గమ్మ, "ఎర్రన్నా, ఎర్రన్నా" అని అరుస్తూ రాళ్ళు లాగుతోంది.

అప్పుడే కాంట్రాక్టరు జగన్నాధం జీపు వచ్చింది. ఆయన గట్టు దిగలేదు. చీపురుపల్లి స్టేషన్లో వ్యాగన్లు కాచుకుని ఉన్నాయి. సాయంత్రానికి అవి నిండాలి.

"రత్నం, సగం మందిని పైకి పంపు. లారీలకి రాయి ఎత్తాలి" అన్నాడు.

"మనిషి కింద ఉన్నాడు బాబూ."

"బతికుంటే అరుపు వినపడాలి గదా. తవ్వడానికి సగం మంది చాలరా? పంపు."

జీవరత్నం కూలీల వైపు తిరిగాడు. ఆ గనిలో రోజూ మొదట దిగేది అతనే. దిగి, చుట్టూ చూసి, "రండర్రా" అని కేకేస్తేనే కూలీలు దిగేవారు. అతను పైకి పొమ్మంటే పోయేవారు. ఆ రోజూ అతను పొమ్మన్నాడు. సగం మంది పోయారు.

పొద్దు వాలే వేళకి ఎర్రన్న శవం బయటపడింది. వేళ్ళకి గోళ్ళు లేవు. లోపల చాలాసేపు బతికే ఉన్నాడు. మట్టి గీకి గీకి చచ్చిపోయాడు. ఆ సంగతి అందరికీ అర్థమైంది. జగ్గమ్మ ఆ చేతులు ఒళ్ళో పెట్టుకుని జీవరత్నం వైపు చూసింది. తిట్టి ఉంటే అతనికి కాస్త తేలికపడేది.

ఆదివారం ఆరాధనలో పాస్టరు ఏసురాజుగారు యజమానులకు లోబడి ఉండడం గురించి చెప్పారు. ప్రభువు పిలిచిన నాటికి ఎవరే పనిలో ఉన్నారో, ఆ పనిలోనే నెమ్మదిగా ఉండాలన్నారు. చర్చికి పెంకులు నేయించింది జగన్నాధమే. సంఘమంతా తలలూపింది. అందరూ వెళ్ళాక జీవరత్నం ఉండిపోయాడు.

"అయ్యగారూ, రేపు మళ్ళీ కూలీల్ని దింపమంటన్నాడు. గోడ ఇంకా నెర్రలిచ్చే ఉన్నాది. నాను దిగితే నన్ను సూసి ఆళ్ళు దిగుతారు. ఏటి సెయ్యమంటారు?"

"ప్రార్థన చేసుకో జీవరత్నం. నీ పని నువ్వు చేసుకుపో. బయట రోజులు చూస్తున్నావు కదా. నోరెత్తినవాణ్ణల్లా నక్సలైటని పట్టుకుపోతున్నారు."

"నా పని ఏటో అదే అడుగుతన్నానండి."

పాస్టరుగారు బైబిలు మూసి చంకన పెట్టుకున్నారు. ఆయన చెడ్డవాడు కాదు. భయపడ్డాడు, అంతే.

ఆ సాయంత్రం కూలీలంతా జగ్గమ్మ ఇంటి ముందు చేరారు. దాలయ్య అందులో కుర్రవాడు, చీపురుపల్లిలో యూనియన్ మీటింగులకి వెళ్ళొచ్చినవాడు. జీవరత్నాన్ని చూడగానే లేచాడు.

"నువ్వు ఆడి మనిషివి మావా. మేస్త్రిగిరీ ఆడి మొకాన కొట్టి మాలో కలిసిపో. నేదంటే ఎల్లి నీ సర్చీలో కూకో."

"నాను మానీస్తే ఇంకొకణ్ణి పెడతాడు. ఆడు దింపుతాడు."

"పని నేకపోతే ఏటి తింటాం?" అని వెనకనుంచి ఎవరో అడిగారు.

"తిండికే గదా ఎర్రన్న దిగినాడు" అన్నాడు దాలయ్య.

మాటా మాటా పెరిగింది. జగ్గమ్మ గుమ్మంలోంచి మెల్లిగా అంది. "ఆ పొద్దు సగం మందిని నువ్వే పైకంపినావు అన్నా."

అందరూ జీవరత్నం వైపు తిరిగారు.

"పంపినాను సెల్లీ" అన్నాడు జీవరత్నం. "నాను కొలిసే ప్రభువు జనం ముందు నడిసినాడు. నడిసి తాను సచ్చిపోనాడు గానీ, ఎనకొచ్చినోళ్ళని సావుకి తోల్లేదు. నాను మేస్త్రిని. గోడ సూసి, దిగొచ్చో దిగకూడదో సెప్పడం నా పని. ఇన్నాళ్ళూ ఆడి పని సేసినాను. రేపు నా పని సేస్తాను."

"పోలీసుల్ని తెస్తాడు" అన్నాడు దాలయ్య.

"తెస్తే తేనీ" అంది జగ్గమ్మ. "నాను బాటకడ్డంగా కూకుంటాను."

సోమవారం పొద్దున్నే జగన్నాధం వచ్చాడు. వెనక రామతీర్థం వైపునుంచి తెచ్చిన కొత్త కూలీల లారీ, దాని వెనక పోలీసు జీపు. గనిలోకి దిగే బాట మీద జగ్గమ్మ కూచుని ఉంది. ఆమె వెనక ఆడవాళ్ళు, వాళ్ళ వెనక మగవాళ్ళు.

జీవరత్నం రోజూలాగే ఒక్కడూ కిందికి దిగాడు. గోడ పొడుగునా నడిచి చూశాడు. పైనుంచి ఒక మట్టిపెళ్ళ అతని ముందే ఊడిపడింది. పైకొచ్చి జగన్నాధం ఎదుట నిలబడ్డాడు.

"దిగొద్దు బాబూ. గోడ పడిపోతాది."

"నిన్ను అడిగేనా? దింపమన్నాను."

జీవరత్నం లారీ వైపు తిరిగాడు. "దిగొద్దు" అని గట్టిగా కేకేశాడు.

లారీలో ఉన్న ముసలాయన ఒకడు జగ్గమ్మని అడిగాడు. "ఏటైనాదమ్మా ఇక్కడ?"

"నా పెనిమిటి ఆ మట్టి కింద సచ్చిపోనాడు తాతా. ఆ గోడ సూసుకుని దిగండి."

ముసలాయన గట్టుదాకా వెళ్ళి వంగి చూశాడు. తిరిగొచ్చి గంప నేలమీద బోర్లించి దానిమీద కూచున్నాడు. లారీవాళ్ళు ఒక్కొక్కరే గంపలు దించారు.

ఎస్సై జీవరత్నం చొక్కా పట్టుకుని గుంజాడు. "ఏ దళంరా నీది?"

"దళం గాదు బాబూ. మేస్త్రిని."

లాఠీ మూతి మీద పడింది. పెదవి చిట్లింది. పోలీసులు అతన్ని జీపులోకి తోశారు. జనం ఒక్కసారిగా లేచారు. జగన్నాధం కంగారుగా చుట్టూ చూశాడు. దాలయ్య కనబడ్డాడు.

"ఒరే దాలయ్యా, ఇయాల్టినుంచి నువ్వే మేస్త్రివి. నీ మాట వింటారు. దింపు."

జీవరత్నం జీపులోంచి తల బయటపెట్టి చూశాడు. దాలయ్య గట్టు దగ్గరికి నడిచాడు. నిదానంగా, ఆ చివరనుంచి ఈ చివరదాకా గోడంతా చూశాడు.

"దిగొద్దు" అన్నాడు.

అతన్నీ జీపులో పడేశారు. జీవరత్నం పక్కకి జరిగి చోటిచ్చాడు. ఇంజను మోగింది, కానీ జీపు కదల్లేదు. ముందు జగ్గమ్మ నిలబడి ఉంది. ఆమె వెనక గని కూలీలూ లారీ కూలీలూ ఒకటైపోయి దారంతా నిండిపోయారు.

"ఇంకెవర్ని సేస్తావో సెయ్యి బాబూ మేస్త్రిని" అంది జగన్నాధంతో. "మేమందరం ఇక్కడే ఉన్నాం."