తుడిచిన పళ్లెం

నీలకంఠం మరుగుతున్న నీటిలోకి స్పగెట్టీ కట్టను విరవకుండా నిలువుగా దించాడు. విరిస్తే కార్లో దొర ఆ పూట ముద్ద ముట్టడని పదకొండేళ్ల క్రితమే తెలుసుకున్నాడు. మధ్యాహ్నం దాటాక కాఫీలో పాలు పోయకూడదు, చేపల మీద చీజ్ చల్లకూడదు. ఇటలీవారి ఇంటిలో ఇవన్నీ ఒక్కొక్క చీవాటుతో వచ్చిన చదువులే.

అరవై ఏళ్ల మనిషి. నూనె చిట్లి మచ్చలు పడిన ముంజేతులు, పొగకు ఎర్రబారిన కళ్లు.

బయట పజుండౌంగ్ పేట సందు మొగలో బర్మా సైనికుల లారీ నిలిచి ఉంది. ఊరేగింపు తీసిన విద్యార్థులను కాల్చినవారిని సంజాయిషీ అడిగే న్యాయస్థానం ఆ నగరంలో లేదు. బజారు మూతపడి మూడు వారాలు. తామ్వే పేటలోని నీలకంఠం గదిలో బియ్యం నిండుకుని నాలుగు రోజులు. జ్వరపడిన భార్య సన్యాసమ్మకు గంజినీళ్లయినా లేవు.

గిన్నెలోది దొరది, పళ్లెంలో మిగిలింది వంటవాడిది. తాతలనాటి ఆ కట్టుబాటును నీలకంఠం ఒక్కనాడూ దాటలేదు. దొర మాత్రం రొట్టెముక్కతో పళ్లెం అడుగు మెరిసేదాకా తుడిచి తినేవాడు.

“పళ్లేన్ని కూడా తినీసినాడేటి మీ దొర?” అని ఉదయం సన్యాసమ్మ నవ్వబోయి దగ్గింది.

ఆ మధ్యాహ్నం దొర చేయి రొట్టె మీదికి వెళ్లగానే నీలకంఠం పళ్లెం అంచు పట్టుకున్నాడు.

“కొంచెం మిగల్చండి దొరా,” అన్నాడు బర్మా భాషలో. “ఇంటిది నాలుగు రోజులుగా పస్తులుంటోంది.”

దొర ముఖం పాలిపోయింది. “ఊ నీలా,” అని బర్మా మర్యాదతో పిలిచాడు. “మా ఊళ్లో పళ్లెం తుడవకపోతే వండినవాడికి అవమానం. నువ్వేమో రోజురోజుకూ ఎక్కువ వండుతున్నావు. కడుపు పట్టకపోయినా, నీ మర్యాద కోసమే తిన్నాను.”

మిగులుతుందన్న ఆశతోనే నీలకంఠం రోజూ ఒక గుప్పెడు ఎక్కువ వేస్తున్నాడు. అతను పళ్లెం అంచు వదిలేశాడు.

దొర బియ్యం, పాలడబ్బా, చక్కెర సంచిలో కుక్కి, తానే గేటు దాకా మోశాడు. దారిలో మూడు అడ్డుకంచెల దగ్గర సైనికులు ఆపారు. మూడుసార్లూ నీలకంఠం సంచి దించి, విప్పి, బియ్యంలో వాళ్లు తుపాకీ మొన దూర్చి కెలుకుతుంటే తల వంచుకుని నిలబడ్డాడు.

గది ముందు పొరుగింటి కన్నారావు కూర్చుని ఉన్నాడు. అతన్ని చూసి లేచాడు.

“ఎక్కడుండిపోనావు మావా? నీ కోసం సూసీ సూసీ...” గుమ్మంలోంచి పక్కకు జరిగాడు.

మంచంలో ముఖం మీదికంటా దుప్పటి కప్పి ఉంది. పక్కన సాన మీద, మొగుడు వచ్చే వేళకు ముఖానికి పూసుకుందామని సన్యాసమ్మ అరగదీసిన తనకా చెక్క గంధం ఇంకా తడిగానే ఉంది.