క్యాబేజీలు కడిగిన మర్నాడు

క్యాబేజీ ఊరగాయ కిమ్చీ పట్టి జాడీలకు మూతలు పెట్టిన మర్నాడు పొద్దున్నే మల్సూన్ ఇంట్లో వేడినీళ్లు ఆగిపోయాయి. పంపులో నీళ్లు ధారగానే వస్తున్నాయి. వేడి మాత్రం లేదు. ఎర్రగుర్తు వైపు ఎంత తిప్పినా పళ్లు జివ్వుమనే నీళ్లే.

మరో రోజైతే పొయ్యి మీద గిన్నె పెట్టుకుని ఊరుకునేది. కానీ ఇవాళ సాయంత్రం కూతురు హేరిన్ బాలింతగా పుట్టింటికి వస్తోంది. పసిపిల్లకు ఈ ఇంట్లో మొదటి స్నానం. బాలింతకు పెట్టే సూపు కోసం సముద్రపు పాచి అప్పుడే నానబెట్టి ఉంది.

సంగతి వియ్యపురాలు ఓగ్‌బున్‌కు అప్పుడే తెలిసిపోయింది. ఆవిడ ఫోను చేస్తే ఎత్తింది మల్సూన్ మొగుడు తేక్‌సూ మరి. అతని నోట్లో నువ్వుగింజ నానదు. కాసేపట్లో ఆవిడే మళ్లీ ఫోను చేసింది.

"వదినగారూ, వేడినీళ్లు లేని కొంపలో బాలింతని ఎలా ఉంచుతారండీ? మా ఇంట్లో చిటికేస్తే మరిగే నీళ్లు. తల్లీపిల్లల్ని తిన్నగా మా ఇంటికే తీసుకుపోతాను."

"మరిగే నీళ్లు పోస్తే పిల్ల ఉడికిపోదూ, వదినగారూ?" అంది మల్సూన్. "సాయంత్రం రండి. మీ చెయ్యి పెట్టి చూడండి. చల్లగా ఉంటే మీరే తీసుకెళ్లండి. నేను నోరెత్తితే అడగండి."

ఫోను పెట్టేసరికి తేక్‌సూ నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"అంత మాట ఎందుకన్నావే? మెకానిక్కు ఎల్లుండికి గానీ రాడట!"

"అతన్ని నమ్ముకుని అన్నానా? లే. వెనక గదిలోకి నడు."

పంపులకు నీళ్లు కాచి, నేల కింది గొట్టాల్లోకీ వేడి పంపే బాయిలర్ గోడకు వేలాడుతోంది. మల్సూన్ మొదట దాని వైపు చూడలేదు. చెప్పు విప్పి అరికాలు నేలకు ఆనించింది. వెచ్చగా ఉంది. నేల వెచ్చబడుతోందంటే గ్యాసు ఉంది, మంటా ఉంది. పెట్టె బతికే ఉంది. స్నానాలగదిలో వేడి పంపు తిప్పి వచ్చి చెవి ఒగ్గింది. పంపు తిప్పగానే అది భుగ్గుమనాలి. అనలేదు. నీళ్లు పారుతున్న సంగతే దానికి తెలియడం లేదు.

"ఏమయ్యా, ఈ పెట్టెలోకి వెళ్లే చన్నీళ్ల వాల్వు కట్టెయ్."

"కట్టేశా."

పెట్టెలోకి నీళ్లు పోకపోతే వేడి పంపులో ధార ఆగిపోవాలి. మల్సూన్ స్నానాలగదిలోకి వెళ్లి చూసింది. గలగలా కారుతూనే ఉంది. ఆవిడ ముఖం విచ్చుకుంది.

"పోయిందా?" అని అరిచాడు తేక్‌సూ.

"దొరికింది! తలుపేసినా పిల్లి లోపలికొచ్చిందంటే ఎక్కడో కిటికీ తెరిచుందన్నమాట. నిన్న క్యాబేజీలు కడిగిందెవరు?"

"నేనే. నడుం విరిగింది. ఒక్కళ్లు మెచ్చుకున్న పాపాన పోలేదు."

"చేతులు కొంకర్లు పోతున్నాయన్నావు. వేడినీళ్లు కలుపుకున్నావా?"

"కలుపుకున్నా. నేరమా?"

"తర్వాత కట్టేశావా?"

"కట్టేయకపోతే పెరడంతా చెరువయ్యేది కాదూ! పోయి చూసుకో, చుక్క కారితే నా పేరు మార్చుకుంటా."

పెరట్లో పెద్ద ఎర్ర బేసిన్లు బోర్లించి ఉన్నాయి. పక్కన రబ్బరు పైపు చుట్టగా పడి ఉంది. దాని చివర నొక్కితే నీళ్లు చిమ్మే పిడి. నిజమే, చుక్క కారడం లేదు. కానీ అది తగిలించిన గోడమీది పంపుకు వేడినీళ్ల మర, చన్నీళ్ల మర రెండూ బార్లా తెరిచి ఉన్నాయి.

"చివర మూసేశావు, మొదలు వదిలేశావు," అంది మల్సూన్. "రెండు నీళ్లూ ఇక్కడ కలిశాయి. బయటికి దారి లేదు. చన్నీళ్లది జోరెక్కువ. వేడి గొట్టంలోకి దూరి ఇల్లంతా అవే తిరుగుతున్నాయి."

"చుక్క కారలేదని మురిసిపోయానే!"

"నీ పేరు ఉంచుకో. ఆ వాల్వు తెరువు, పో."

రెండు మరలూ బిగించి లోపలికొచ్చి ఆవిడ పంపు తిప్పింది. వెనక గదిలో పెట్టె భుగ్గుమంది. కాసేపటికి అద్దం మీద ఆవిరి కమ్మింది.

సాయంత్రం కారు గుమ్మం ముందు ఆగింది. అల్లుడు ఇంజను ఆపలేదు. హేరిన్ బిడ్డను ఒళ్లో పెట్టుకుని లోపలే కూర్చుంది. ఓగ్‌బున్ ఒక్కతే దిగి, పలకరింపులు కూడా లేకుండా స్నానాలగదిలోకి నడిచి, చేతిసంచి చంకన పెట్టుకుని పంపు తిప్పింది. వేళ్లు పెట్టి చటుక్కున లాక్కుంది.

"అబ్బా! కాస్త చన్నీళ్లు కలపండి వదినగారూ!"

"నేను కలుపుతా," అని తేక్‌సూ ముందుకొచ్చాడు.

"నువ్వు పంపు ముట్టావంటే చూడు!"

మల్సూన్ తొట్టిలో చన్నీళ్లు కలిపాక ఓగ్‌బున్ నీళ్లు తొణికించి, మోచెయ్యి ముంచి, కాసేపు అలాగే ఉంచింది. తర్వాత గుమ్మంలోకి వచ్చి కారు వైపు కేకేసింది.

"ఒరేయ్, ఇంజను ఆపు! పిల్ల బట్టల మూట లోపలికి తే!"