యుద్ధకాలపు గంట

ఓబుళేశు కర్నూలులో ఒక ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీలో కంప్యూటర్ ల్యాబులు చూసుకుంటాడు. నలభై ఏడేళ్ల మనిషి. బళ్లారి చౌరస్తా వెనక వీధిలో మేడమీద రెండు గదుల్లో ఒక్కడే ఉంటాడు. పెళ్లి సంబంధాలు కొన్నాళ్లు వచ్చాయి, తర్వాత రావడం మానేశాయి. కోడుమూరులో ఉన్న అక్క ఓబులమ్మ ఆదివారం ఆదివారం ఫోన్ చేసి, తిన్నావా అని అడిగి పెట్టేస్తుంది.

అతనికి ఇంకొక పని ఉందని కాలేజీలో ఎవరికీ తెలియదు. తొమ్మిదేళ్లుగా పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా అతను 'పొద్దు' అనే క్యాలెండర్ లైబ్రరీని చూసుకుంటున్నాడు. అది ఓపెన్ సోర్స్. ఎవరైనా ఉచితంగా తీసుకుని తమ యాప్‌లో పెట్టుకోవచ్చు. ఏ దేశంలో ఏ తేదీన గడియారం ఎంత చూపాలో లెక్కగట్టి చెప్పడం దాని పని. ఎక్కడో ఒక ప్రభుత్వం గడియారాన్ని గంట ముందుకో వెనక్కో జరుపుతుంది. ఆ కొత్త లెక్క ఎక్కించి, పాత తేదీలు చెడిపోలేదని పరీక్షించి, ఓబుళేశు టీ పెట్టుకుంటాడు.

ఆ లైబ్రరీని మొదలుపెట్టింది అతను కాదు, కడపలో ఉండే చాంద్ బాషా. తొమ్మిదేళ్లు ఇద్దరూ కలిసి పనిచేశారు కాని ఒకరి ముఖం ఒకరు చూడలేదు, గొంతు వినలేదు. రాసుకున్నదంతా ఇంగ్లీషులోనే, అదీ కోడ్ గురించే. ఇద్దరికీ రెండు కట్టుబాట్లు ఉండేవి. లెక్క సరిగ్గా వస్తోందా అని చూడడానికి ఒకరు రాసిన పరీక్షను, అంటే టెస్టును, రెండోవాళ్లు రాసినవాళ్లను అడక్కుండా మార్చకూడదు. కొత్త కూర్పును విడుదల చేసే హక్కు, అంటే దాని తాళం, చాంద్ ఖాతాలోనే ఉండాలి.

ఏడు నెలల నుంచి చాంద్ జవాబివ్వడం లేదు. ఓబుళేశు మూడుసార్లు రాశాడు. పనిలో ఉన్నాడేమో, సతాయించకూడదనుకుని ఊరుకున్నాడు.

అలా ఉండగా శివాని అనే అమ్మాయి నుంచి ఒక ఫిర్యాదు వచ్చింది. బనగానపల్లె చుట్టుపక్కల ఊళ్లలో పెద్దవాళ్లకు కంటి శిబిరాలు పెట్టే ఒక సంస్థకు ఆమె యాప్ రాస్తుందట. ఫోన్‌లో పుట్టినతేదీ జనవరి ఒకటి అని ఎక్కిస్తే, 'పొద్దు' వాడే జాబితాలో డిసెంబరు ముప్పై ఒకటి అని వస్తోంది. అందరికీ కాదు. పంతొమ్మిది వందల నలభై రెండు నుంచి నలభై ఐదు మధ్య పుట్టినవాళ్లకు మాత్రమే. 'మా దగ్గర పెద్దవాళ్లలో సగం మందికి ఆధార్‌లో జనవరి ఒకటే ఉంటుంది సార్. రోజు తప్పితే ఏడాదే తప్పుతోంది' అని రాసింది.

ఓబుళేశు రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాడు. మూడో రోజు పొద్దున దొరికింది. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో ఇండియాలో గడియారాలను గంట ముందుకు జరిపారు. మధ్యలో కొన్ని నెలలు మినహాయిస్తే నలభై ఐదు అక్టోబరు దాకా అట్లాగే నడిపారు. ఆ సంగతి ఫోన్‌కు తెలుసు, 'పొద్దు'కు తెలియదు. ఫోన్ అర్ధరాత్రి పన్నెండు అని దాచిన దాన్ని 'పొద్దు' ముందురోజు రాత్రి పదకొండుగా చదువుతోంది. తక్కిన దేశాలన్నిటికీ లోకమంతా వాడే టైమ్ జోన్ పట్టికే ఉంది. ఇండియాకు మాత్రం చాంద్ తొమ్మిదేళ్ల కిందట తన చేత్తో ఒక్క లైను రాసిపెట్టాడు. దాని పైన 'ఇండియాలో టైము మారదు' అని వ్యాఖ్య.

ఆ లైను తీసేసి, ఇండియాను కూడా పెద్ద పట్టికకు కలిపి, టెస్టులు నడిపాడు. నాలుగువందల పన్నెండు నెగ్గాయి. ఆరు ఓడాయి. ఆ ఆరూ చాంద్ రాసినవే.

వేరే పేరుతో లైబ్రరీని తనే విడుదల చేసుకోవచ్చు. అలా చేయడానికి అతనికి మనసొప్పలేదు. ఎప్పుడో చాంద్ కొరియర్‌లో పంపిన హార్డ్ డిస్కు పెట్టె అటక మీద ఉంది, దాని మీద కడప చిరునామా ఉంది. రెండో శనివారం తెల్లవారగానే ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని బస్సెక్కాడు. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు దాటి కడపలో దిగేసరికి పదకొండు కావస్తోంది. ఎండ చురుక్కుమంటోంది.

ఇల్లు సులువుగానే దొరికింది. తలుపు తీసినామె చాంద్ భార్య షబీనా.

"చాంద్ బాషా గారు ఉండారామ్మా? నేను కర్నూలు నుంచి వచ్చినా. ఓబుళేశు నా పేరు."

"ఆయన పనికి పోయినాడు, ఒంటిగంటకు బువ్వకొస్తాడు. ఎవురో తెలీలేదే... ఆయనెప్పుడూ మీ పేరు చెప్పల్య."

ఆ మాట ఓబుళేశుకు గుచ్చుకుంది. తను మాత్రం చాంద్ పేరు ఎవరితో చెప్పాడు కనుక?

షబీనా కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి లోపలికి వెళ్లింది. నడవాలో నులకమంచం మీద చాంద్ తల్లి దౌలత్ బీ కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"ఏం పని నాయనా, అంత దూరం నుంచి?"

"తేదీల పనమ్మా" అన్నాడు. "పాతకాలంలో పుట్టినోళ్ల తేదీలు తప్పు వస్తాండాయి. నువ్వు ఏ ఏడాది పుట్టినావమ్మా?"

"నలభై నాలుగు అని కార్డులో రాసినారు. జనవరి ఒకటి. కార్డు రాసేటోడు నన్ను అడగనే లేదు, రాసుకుని పాయ." ఆమె చిన్నగా నవ్వింది. "నేను పుట్టింది చలికాలం కానేకాదు. మామిడికాయలు దించేటప్పుడు మాయమ్మకు నొప్పులొచ్చినాయంట. ఏ ఏడాదో మటుకు ఎవురికీ తెలీదు."

ఒంటిగంటకు చాంద్ వచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. జుట్టు, కనుబొమ్మలు, చొక్కా అంతా తెల్లటి దుమ్ము. ఊరి బయట కడప బండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడని షబీనా చెప్పింది.

"ఎవురప్పా?"

"ఓబుళేశు. 'పొద్దు'..."

చాంద్ చెయ్యి కడుక్కుంటున్నవాడల్లా ఆగిపోయాడు. కాసేపు కుళాయి నీళ్లు ఊరికే పోయాయి.

"కొరియర్ కర్నూలుకు పంపినా గాని, నువ్వు బెంగళూరులో పనిచేస్తాండావనుకున్యా" అన్నాడు చివరికి.

"నేను నిన్ను పెద్ద కంపెనీలో ఉండావనుకున్యా అన్నా."

ఇద్దరూ నవ్వారు. షబీనా ఇద్దరికీ అన్నం, గోంగూర పప్పు వడ్డించింది.

"నువ్వు ఉన్నపళంగా రాయడం మానేస్తివి, ఏమైందన్నా?" అన్నాడు ఓబుళేశు.

చాంద్ పళ్లెంలోకి చూస్తూ చెప్పాడు. "కంపెనీ మూసేసినారు. ఇంట్లో ఎట్ల చెప్పాలో తెలీలేదు. పొద్దున ఇస్త్రీ చొక్కా ఏసుకుని పోయి పార్కులో కూచునేటోన్ని. ఒకనాడు ఈ సంగతి ఎవురికన్నా చెప్పుకోవాలనిపించె. ఎవురున్నారు అని ఆలోచన చేస్తే నువ్వు గుర్తొస్తివి. శానా పెద్దగా రాసినా. రాసినాక, దానికి ముందు మనం రాసుకున్నవన్నీ సదివితే, తొమ్మిదేండ్లలో ఒకరినొకరు బాగుండావా అని గూడా అడుక్కోల్య. తుడిపేసినా."



"ఆ తర్వాత ఊరికే ఆగి సూసినా" అన్నాడు చాంద్. "నేను కనపడకపోతే ఎవురన్నా అడుగుతారేమోనని. నువ్వు రాసినావు. మూడుసార్లు రాసినావు. మూడుసార్లూ టెస్టులు సూడమనే."

"పనిలో ఉండావేమో, సతాయించకూడదనుకున్యా."

"నాకు అప్పుడు పనే ల్యాకుండె గదప్పా."

గొంతులో కోపం లేదు. అది ఉండి ఉంటే ఓబుళేశుకు తేలిగ్గా ఉండేదేమో. "తప్పు నాదేన్నా" అన్నాడు.

"నీది మాత్రం ఎట్లయితాది? నేనన్నా రాయొచ్చు గదా. తినప్పా, ఆరిపోతాంది."

భోజనం అయ్యాక ల్యాప్‌టాప్ తెరిచారు. చాంద్ చేతులు మళ్లీ కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, కీబోర్డు మీద వేళ్లు పెట్టే ముందు ఇంకోసారి చొక్కాకు తుడుచుకున్నాడు. ఓడిన ఆరు టెస్టులను ఒక్కొక్కటే చదివాడు. నాలుగోదాని దగ్గరే అతనికి అర్థమైపోయింది.

"యుద్ధం టైములో గంట ముందుకు జరిపినారా! ఎట్ల తప్పిపోయింది నాకు?"

"ఎవురికి తెలుస్తాదన్నా."

"తెలుసుకోవాల్సింది. నేను రాసిన లైను గదా అది."

దౌలత్ బీ పుట్టినతేదీని పాత కోడ్‌కు ఇచ్చి చూశారు. నలభై మూడు డిసెంబరు ముప్పై ఒకటి అని వచ్చింది. కొత్త కోడ్‌కు ఇస్తే నలభై నాలుగు జనవరి ఒకటి.

"అమ్మా, నీ పుట్టిన్రోజు సరిచేసినామే" అని కేకేశాడు చాంద్.

"మామిడికాయల నాడు పెట్టినారా?"

"లేదు, జనవరి ఒకటే."

"మరింకేం సరిచేసినార్రా!" అంది ముసలామె. లోపల్నుంచి షబీనా నవ్వు వినపడింది. చాంద్ కూడా నవ్వాడు, కళ్లనీళ్లు వచ్చేదాకా. కళ్లు తుడుచుకుంటుంటే ముఖం మీద దుమ్ము చారలుగా కరిగింది.

తన ఆరు టెస్టులనూ చాంద్ తనే తిరగరాశాడు. 'ఇండియాలో టైము మారదు' అన్న వ్యాఖ్యను తనే కొట్టేశాడు. మొత్తం మరొకసారి నడిపితే నాలుగువందల పద్దెనిమిదీ నెగ్గాయి. తన ఖాతాలోకి వెళ్లి కొత్త కూర్పును విడుదల చేశాడు. ఆ తర్వాత ఓబుళేశు అడగకుండానే ఇంకొక పేజీ తెరిచి, ఆ తాళాన్ని అతని పేరుకు మార్చాడు.

"ఇది వద్దన్నా. ఇద్దరం ఉందాం."

"నాకు ఇంక ఓపిక ల్యాదప్పా. పొద్దున ఏడింటికి బండలకాడ ఉండాల. ఇంటికొస్తే నడుం వాల్చడమే." తెర వైపు ఇంకాసేపు చూసి మూత దించాడు. "బాగుండె ఈ పని. శానా బాగుండె."

రెండున్నరకు చాంద్ ఫ్యాక్టరీకి వెళ్లాలి. మోటారు సైకిల్ మీద ఓబుళేశును బస్టాండులో దింపాడు. ఇద్దరూ ఫోన్ నంబర్లు రాసుకున్నారు. బస్సు కదిలేదాకా ఉంటాడేమోనని ఓబుళేశు కిటికీలోంచి చూశాడు గాని, చాంద్ అప్పటికే బండి తిప్పుకుని వెళ్లిపోయాడు.

బస్సులోంచే కొత్త కూర్పు సంగతి శివానికి రాశాడు, మైదుకూరు దాటాక జవాబు వచ్చింది. అందరి తేదీలూ సరిగ్గా వస్తున్నాయి, థాంక్యూ సార్ అని. ఆ అమ్మాయికి ఏదో రాద్దామని మొదలుపెట్టాడు. ఈ పని ఎవరు చేశారో చెబుదామని. రెండు లైన్లు రాసి, ఆగి, అయినా చెరపకుండా పంపేశాడు. 'ఇది చాంద్ బాషా అనే ఆయన మొదలుపెట్టిన లైబ్రరీ. ఈరోజు సరిచేసింది కూడా ఆయనే. కడపలో ఉంటాడు.' దానికి ఆమె ఏమీ రాయలేదు.

తర్వాతి శుక్రవారం మధ్యాహ్నం ఓబుళేశు కాలేజీ మెట్ల మీద కూర్చుని చాంద్‌కు ఫోన్ చేశాడు. బాగుండావా అన్నా అని అడిగాడు. చాంద్ దగ్గు గురించి చెప్పాడు, మిషను బ్లేడు విరిగిన సంగతి చెప్పాడు. ఓబుళేశు ఎండల గురించి చెప్పాడు. నాలుగు నిమిషాలకు మాటలు అయిపోయాయి. అటువైపు రాయి కోసే మిషను మోత వినిపిస్తూనే ఉంది.

"సరే అప్పా, పిలుస్తాండారు" అన్నాడు చాంద్.

"సరే అన్నా."

మరుసటి పొద్దున ఆరింటికి లేచి 'పొద్దు' తెరిస్తే, ఏదో దేశం ఈ ఏడాది నుంచి గడియారం మార్చడం మానేస్తోందని ఎవరో రాసి ఉన్నారు. కింద 'పరిశీలించేవారు' అన్న చోట ఇప్పుడు తన పేరొక్కటే ఉంది. ఓబుళేశు ఆ దేశం పట్టిక తెరిచి, మొదటి టెస్టు రాయడం మొదలుపెట్టాడు.