మర బిగించిన కాఫీ

పొద్దున్నే కిటికీ తెరవడం, గ్లాసు అడుగున రెండు చెంచాల చిక్కటి తీపి డబ్బాపాలు వెయ్యడం, గ్లాసు మీద ఆ చిన్న స్టీలు ఫిల్టరు కూర్చోబెట్టడం. పెయింటరు ఇంట్లో రోజు మొదలయ్యేది ఇలాగే. ఫిల్టరంటే పెద్ద సరంజామా ఏమీ కాదు. అడుగున చిల్లులున్న గిన్నె, అందులో మూడు చెంచాల కాఫీపొడి, పొడిని అదిమిపెట్టే బిళ్ల, బిళ్లను బిగించే మర. మరిగిన నీళ్లు పోసి మూత పెడితే కాఫీ చుక్కాచుక్కా పాల మీదికి దిగుతుంది. ఆ ఫిల్టరును ఒక ఓడ వంటాయన ఇచ్చాడు. పెయింటరు ఆ ఓడకు పేరు రాయడానికి వెళ్లి వారం రోజులు రేవులో ఉంటే, ఆ వియత్నాం వంటాయన రోజూ ఈ కాఫీయే పోసి, ఆఖరి రోజున ఫిల్టరు చేతిలో పెట్టి, చేసే పద్ధతి సైగలతో నేర్పాడట. ఒకరి మాట ఒకరికి ముక్క అర్థం కాలేదు, కాఫీ మాత్రం అర్థమైంది.

అది ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ ఒక సంగతి ఉంది. కాఫీ దిగుతున్నంతసేపూ ఆ ఇంట్లో ఏదీ ముందుకు జరగదు. మనుషులు తిరుగుతారు, మాట్లాడుకుంటారు. కానీ పాలు విరగవు, పూలు వాడవు, పొయ్యి మీద నీళ్లు మరగవు. కాలం ఎవరి కోసమూ ఆగదని చెప్పిన పెద్దలెవరూ ఆ ఇంటికి కాఫీకి వచ్చినట్టు లేరు. పై వాటా అమ్మాయి ఐస్‌క్రీము కొనుక్కొస్తే, "పిన్నిగారూ, కాఫీ దిగుతోందా?" అని మెట్ల మీంచే అడిగి, కాసేపు వాళ్ల బల్ల మీద పెట్టి తన పని చూసుకునేది. పది నిమిషాల్లో కాఫీ అయిపోయేది, మళ్లీ అన్నీ మామూలే.

పెయింటరును చూసి డాక్టరు "మహా అయితే ఇరవై రోజులు" అన్నాక మామూలు పోయింది.

మర్నాడు పొద్దున్న పెయింటరు భార్య మరను బొటనవేలు ఎర్రబడేదాకా బిగించింది. నిమిషానికో చుక్క పడింది. సాయంత్రానికి గ్లాసు సగం కూడా నిండలేదు. పైన నీళ్లు తగ్గితే మళ్లీ పోసింది. రాత్రుళ్లు కూడా లేచి పోసింది. వంటయినా, ఆ వేడినీళ్లయినా పైకెళ్లి పై వాటా అమ్మాయి పొయ్యి మీదే చేసుకొచ్చేది. రోజుకొకసారి పొడి మార్చే రెండు నిమిషాలే ఆ ఇంట్లో కాలం నడిచేది. అలా ఇరవై రోజులు కాస్తా రెండు నెలలు దాటాయి, పెయింటరు మాత్రం ఆ మొదటి పొద్దున ఎలా ఉన్నాడో అలాగే ఉన్నాడు. నీళ్లు పోసీ పోసీ కాఫీ గిన్నెలు కడిగిన నీళ్లలా తయారైంది. ఆయన నోరు మెదపకుండా తాగేవాడు. డాక్టరు ఒకసారి గుమ్మం దాకా వచ్చి, ఫిల్టరు వైపు చూసి, "దిగడం అయ్యాక కబురు పెట్టండమ్మా" అని వెనక్కి తిరిగాడు.

ఆవిడ ఆ రెండు నెలలూ సంతోషంగానే ఉంది. నిజం చెప్పాలంటే పెళ్లయ్యాక అంత సంతోషంగా ఎప్పుడూ లేదు. తనకు బిస్కెట్ల ఫ్యాక్టరీలో షిఫ్టులు, ఆయనకేమో ఊళ్లు పట్టుకుని నిచ్చెనల మీద బతుకు. ఇప్పుడు మంచం పక్కన కుర్చీ వేసుకుని తీరిగ్గా కూర్చుంది.

ముందుగదిలో ఒక బోర్డు ఉంది. ముప్పై ఏళ్లు పేవ్‌మెంటు మీద కూర్చుని చెప్పులు కుట్టినాయనకు ఇన్నాళ్లకు తలుపున్న దుకాణం దొరికింది. ఆ దుకాణం బోర్డు మీద, డాక్టరు దగ్గరికి వెళ్లిన రోజు పొద్దున్నే, పెయింటరు ఎర్రటి అక్షరాలు రాశాడు. అవి ఆరాక పక్కన నల్లగా నీడ వెయ్యాలి. కింది రంగు ఆరకుండా పై రంగు వేస్తే రెండూ కలిసి బురదవుతుంది. చెప్పులాయన వారానికోసారి వచ్చి, ఒక అక్షరం అంచున వేలు ఆనించి చూసుకునేవాడు. వేలు ఎర్రబడేది.

"ఇంకా తడేనా?" లోపల్నుంచి పెయింటరు అడిగేవాడు.

"తొందరేముంది గురువుగారూ. ఇన్నేళ్లు బోర్డు లేకుండానే బతికాను." వేలు గుడ్డకు తుడుచుకుని వెళ్లిపోయేవాడు. ఆయన పాత గిరాకీ అంతా ఇంకా పేవ్‌మెంటు దగ్గరే వెతుకుతోందని మాత్రం చెప్పేవాడు కాదు.

ఒకరోజు పొద్దున్న ఆవిడకు తలనొప్పి వచ్చింది. మాత్ర వేసుకుంది. మధ్యాహ్నానికి తగ్గలేదు. ఇంకోటి వేసుకుంది. సాయంత్రానికి పెరగనూ లేదు, తగ్గనూ లేదు, పొద్దున ఎంతుందో అంతే ఉంది. పొడి మార్చడానికి లేచి, చేతిలో మూతతో అలాగే నిలబడిపోయింది.

"ఏమండీ, మీ నొప్పెలా ఉంది?"

"నిన్నటి లాగే."

"మొన్న?"

"అలాగే."

"మరి నేను పూటపూటా వేస్తున్న మాత్రలు?"

పెయింటరు గోడవైపు చూశాడు. "పనిచెయ్యాలంటే వాటికీ కాస్త టైము కావాలి కదే."

ఆవిడ కుర్చీలో కూలబడింది. రెండు నెలలు. ఆయన నొప్పిని తనే మర బిగించి, చెయ్యి జారకుండా పట్టుకుని కూర్చుంది. "నోట్లో నాలుక లేదా మీకు? ఒక్క మాట చెప్పకూడదూ?"

"ఎలా చెప్పను? నలభై ఏళ్లలో నువ్వు నా పక్కన ఇంతసేపు ఎప్పుడైనా కూర్చున్నావా?"

ఆవిడ ఏడ్చింది. తలనొప్పి మీద ఏడుపు. ఆయన ఏడవనిచ్చి, తర్వాత మెల్లగా అన్నాడు. "ఆ బోర్డు ఆరనివ్వవే. నీడ వేసేస్తాను. తర్వాత ఏదైతే అదే అవుతుంది."

ఆ రాత్రి ఆవిడ నీళ్లు పోయడానికి లేవలేదు.

పొద్దున్నే ఫిల్టరు జోలికి పోకుండా పొయ్యి వెలిగించింది. గిన్నెలో నీళ్లు పోసి, అవి మరగడం నిలబడి చూసింది. ఆ ఇంట్లో నీళ్లు మరిగి రెండు నెలలైంది. నాలుగు చెంచాల పొడి వేసి, దించి, మూతపెట్టి, మడ్డి అడుక్కి చేరేదాకా ఆగి, పైపైన తేరిన కాఫీని గుడ్డలో వడకట్టి డబ్బాపాల మీద ఒక్కసారిగా పోసింది. గిర్రున కలిపింది. మొత్తం అయిదు నిమిషాలు. ఇంత తేలికని తెలిస్తే ఓడ వంటాయన నొచ్చుకునేవాడేమో.

పెయింటరు ఒక గుక్క తాగి కళ్లు మూసుకున్నాడు. "ఇదీ కాఫీ" అన్నాడు. మాత్ర వేసుకుంటే గంటలో నొప్పి తగ్గింది. మధ్యాహ్నం దాకా పసిపిల్లాడిలా పడుకున్నాడు. ఆవిడ పక్కన కూర్చుని, ఆయన మొహం రంగు మారుతూ ఉంటే చూసింది. దేన్నీ పట్టుకోలేదు.

మర్నాటికి ఎరుపు ఆరింది. వీపు వెనక దిళ్లు పెట్టి, బోర్డు ఒళ్లో ఆనిస్తే, రోజుకు మూడేసి అక్షరాలకు నీడ వేశాడు. మధ్యలో అలిసిపోతే బ్రష్షు దించి, కాస్త ఊపిరి తీసుకుని మళ్లీ ఎత్తేవాడు. అయిదో రోజుకు చివరి అక్షరం ఒక్కటే మిగిలింది. "రేపు" అని బ్రష్షు ఇచ్చేశాడు.

మర్నాడు పొద్దెక్కినా లేవలేదు. ఊపిరి అందీ అందనట్టుంది. ఆవిడకు భయం వేసింది. ఆయన కళ్లు తెరిచేసరికి పని పూర్తయి కనబడాలనుకుంది. బ్రష్షు ముంచి, నలభై ఏళ్లలో ఎప్పుడూ చెయ్యని పని, ఆ చివరి అక్షరం పక్కన తనే నల్లగా దిద్దింది.

మధ్యాహ్నం ఆయన కళ్లు తెరిచి బోర్డు చూశాడు.

"అన్నిటికీ నీడ కుడివైపు పడింది. దీనికేమే, ఎడమవైపు పడింది?"

"అయ్యో, నాకేం తెలుసండీ? పక్కన వెయ్యాలనుకున్నాను కానీ ఏ పక్కో చూడలేదు. తుడిచెయ్యనా? తడిగానే ఉంది."

ఆయన నవ్వాడు. నవ్వు దగ్గయింది, దగ్గు తగ్గాక మళ్లీ నవ్వాడు. "వద్దు, ఉండనీ. ఆరనీ."

ఇద్దరూ కలిసి అది ఆరడం చూశారు. చీకటి పడేవేళకి ఆరింది. ఆయన చెయ్యి అప్పటికి ఆవిడ చేతిలోనే ఉంది, చల్లగా.

చెప్పులాయన బోర్డు తీసుకెళ్లి దుకాణానికి కట్టాడు. గిరాకీ దారి పట్టుకుని వచ్చింది. వచ్చినవాళ్లలో ఇద్దరు ముగ్గురు చివరి అక్షరం నీడ తప్పుగా పడిందని వేలెత్తి చూపించారు. ఒక కుర్ర పెయింటరైతే ఊరికే సరిచేసిపెడతానన్నాడు. చెప్పులాయన ఆవిడ దగ్గరికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏం చెయ్యమంటావమ్మా? దిద్దించమంటావా?"

"వద్దన్నయ్యా," అందావిడ. "ఆయన ఆఖరుసారి నవ్వింది దాన్ని చూసే."

చెప్పులాయన తలూపి, దుకాణం తెరిచే వేళైందని వెళ్లిపోయాడు.