ఎనభై అరుగులు

కామ్రేడ్స్, ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. సిగ్గుపడుతూనే చెబుతున్నాను.

జగన్నాధం పొలంలో ఆ రోజు ఇరవైమందిమి ఒకే మడిలో ఊడుపులు ఊడ్చాం. మధ్యాహ్నం భోజనం రైతుదే. మా కాపు వీధి ఆడవాళ్ళు తొమ్మిదిమందికి ఆయన ఇంటి అరుగు మీద వడ్డించారు. మాలపేట వాళ్ళు పదకొండుమందికి పశువులశాల పక్కన, పేడ కంపులో. ఏటా అంతే. కూలీ సంఘం మీటింగుల్లో గొంతు చించుకునే నేను కూడా ఏటా అరుగు మీదే తిన్నాను.

ఈసారి జగన్నాధం కొడుకు జయకృష్ణ ఇంట్లో ఉన్నాడు. ఆమదాలవలసలో లెక్చరరు.

"దానమ్మా, నువ్వు పైకి రా. నాకు పట్టింపుల్లేవు. ముందు ఒక్కో మనిషీ మారాలి," అన్నాడు.

దానమ్మ మాలపేట జట్టుకి పెద్ద. కదల్లేదు.

"నానొక్కదాన్నీ అరుగెక్కితే నువ్వు మంచోడివయిపోతావు బాబూ. ఈళ్ళు పదిమందీ పేడలోనే ఉంటారు. అందరికీ ఒక్కకాడే బువ్వెట్టండి. నేకపోతే రేపు మడిలో దిగం."

జగన్నాధం నవ్వాడు. "దిగకండి. అరుగుమీదోళ్ళు లేరేటి?" అని మావైపు చూశాడు.

చేతిలో ముద్ద విస్తట్లో పడేశాను. లేవబోతే మా అత్త జగ్గమ్మ చెయ్యి పట్టుకుంది. "కూకోయే, మనకేటి?" విదిలించుకుని వెళ్ళి దానమ్మ పక్కన కూర్చున్నాను. ఆవిడ మొహం చిట్లించింది.

"నువ్వొచ్చి పేడలో కూకుంటే మాకేటొస్తాది కుసుమమ్మా? రేపు మీవోళ్ళని మడిలో దిగనీకు. సేతనైతే అది సెయ్యి."

సాయంత్రం ఇంటింటికీ తిరిగాను. తిట్లు తిన్నాను. మర్నాడు మావాళ్ళలో నాతో కలిపి ఐదుగురం మాలపేట వాళ్ళ పక్కన గట్టు మీద నిలబడ్డాం. నలుగురు మడిలో దిగారు. అందులో మా అత్త ఒకర్తె. తీసిన నారు ఎండకి వాడిపోతోంది. నలుగురితో అయ్యే పని కాదు. జయకృష్ణ పరిగెత్తుకొచ్చాడు.

"నాన్న ఒప్పుకున్నాడు! మా ఇంట్లో ఇకనుంచి అందరికీ ఒకటే వరస. దిగండమ్మా."

గెలిచామనుకుని ఒక కాలు బురదలో పెట్టేశాను. దానమ్మ నా రెక్క పట్టుకుని ఆపింది.

"ఊళ్ళో ఎనబై అరుగులున్నాయి. మిగతావాటి మాటేటి బాబూ?"

"మా ఇంటికి నేను బాధ్యుణ్ణి. ఊరందరి తరఫునా ఎలా చెప్పను?"

"అందుకే ఊరందర్నీ పిలువు." నావైపు తిరిగింది. "అందులో మీదీ ఉన్నాది. మొన్న నీల్లడిగితే సెంబు ఎత్తి నా దోసిట్లో పోసేవు."

నిజమే, పోశాను. నాకు తల తీసేసినట్టయింది. కాలు బయటికి లాక్కుని గట్టు మీద కూలబడ్డాను. "పిలవండి," అన్నాను. "మా ఇంటోళ్ళనీ పిలవండి."

జగన్నాధం ఊరిని పిలవలేదు. పోలీసులకి ఫోన్ చేశాడు. మేమందరం గట్టు మీదే కూర్చున్నాం. జీపు మలుపు తిరగడం చూసి మా అత్త నడుం ఎత్తింది. చేతిలో కట్ట వదిలేసి గట్టెక్కింది. నన్ను చూడలేదు. "జరుగే," అని దానమ్మ పక్కన చోటు చేసుకుని కూర్చుంది. మిగతా ముగ్గురూ ఊడుస్తూనే ఉన్నారు.

జీపు ఆగింది. "దానమ్మెవరే? లే!" అన్నాడు ఎస్సై.

పదిహేడుమందిమి. ఒక్కరమూ లేవలేదు.