వెనక సీటు లేని బండి

స్వరాజ్యం సిద్దిపేట దవాఖానలో నర్సుగా చేసి ఈ మధ్యే రిటైరైంది. సర్వీసులో సగం అంబులెన్సు వెనకే గడిచింది. ఒక చేత్తో సెలైన్ సీసా, ఇంకో చేత్తో రోగి భుజం పట్టుకుని, వెనక అద్దంలోంచి రోడ్డు వెనక్కి పోవడమే చూసింది. ఎదురొచ్చే రోడ్డు డ్రైవర్ల సొత్తు. అందుకే ఉద్యోగంలోంచి దిగగానే డ్రైవింగ్ నేర్చుకుంది. ఇప్పుడొక కారు కొనాలి, అదీ ఉరికే కారు.

"గీ వయసుల స్పోర్ట్స్ కారేంది చెల్లే? నలుగురు నవ్వుతరు," అన్నాడు అన్న లక్ష్మీరాజం. ఆమె ఉండేది అతని ఇంట్లోనే.

"నవ్విన నాపచేనే పండుతదంటరు. నవ్వనీ."

అన్నావదినలతో జీపులో ప్రజ్ఞాపూర్ పోయింది. పాత కార్లమ్మే దేవదాసు రెండు చూపించాడు. నల్లదానికి నాలుగు తలుపులు, వెనక ముగ్గురు కూర్చోవచ్చు. ఎర్రదానికి రెండే సీట్లు, పైన గుడ్డ కప్పు.

"ఎర్రదాని క్లచ్ బరువక్కా. ముందే చెప్తున్న," అన్నాడు దేవదాసు.

ముందు నల్లదాన్ని నడిపి చూద్దామనుకున్నారు. తాళంచెవి స్వరాజ్యానికి ఇవ్వబోతుంటే మధ్యలో లక్ష్మీరాజం చెయ్యి వచ్చింది. ఆ ఇంట్లో ఏ తాళంచెవైనా ముందు ఆ చేతిలోకే పోతుంది. వదిన కాంతమ్మకు వెనక కూర్చుంటే వాంతులు, కనుక ఆమె ముందు. తీరా చూస్తే, కొనే మనిషి వెనక సీట్లో!

"వచ్చే ఐతారం కొమురెల్లి మల్లన్న గుడికి పోదాం. నా బామ్మర్దోల్లను గుడ ఎక్కిచ్చుకుందాం," అంటున్నాడు అన్న. సొమ్మొకరిది, సోకొకరిది. స్వరాజ్యం తల తిప్పింది. వెనక అద్దంలో మళ్లీ అదే రోడ్డు, వెనక్కి పోతోంది. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

తిరిగి రాగానే, "ఎర్రది తీసుకుంటున్న," అంది.

"పిచ్చా? ఇంటోల్లందరం యాడ కూసోవాలె?"

"అందుకే తీసుకుంటున్న."

కాగితాల పని అయింది. దేవదాసు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాడు. స్వరాజ్యం అప్పటికే స్టీరింగ్ ముందు కూర్చుంది. లక్ష్మీరాజం తలుపు పట్టుకున్నాడు.

"కొత్తగ కొన్న బండి మొదలు మొగోని చేతుల కదలాలె. పక్కకు జరుగు."

"పక్క సీటు వదినది. ఆమెకు వాంతులు గద."

స్వరాజ్యం తలుపు లాక్కుని, క్లచ్ తొక్కి వదిలింది. బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. నిమ్మకాయలు చెక్కుచెదరలేదు. లక్ష్మీరాజం పెద్దగా నవ్వాడు.

"సూసినవా? గీ బండిని నా వాకిట్ల పెట్టనియ్య!"

"బజార్ల పెడత. గాడ గుడ నేనే పెడత!"

కాంతమ్మ మొగుడివైపు ఒకసారి చూసింది. కొంగు నడుముకు దోపుకుని, వచ్చి ఎర్రబండిలో కూర్చుని తలుపు గట్టిగా వేసుకుంది. స్వరాజ్యం పళ్లు బిగపట్టి క్లచ్ మళ్లీ తొక్కింది. ఈసారి నిమ్మకాయలు నుజ్జయ్యాయి.

కొండపాక దగ్గరికొచ్చేసరికి అన్న జీపు ఎక్కడో వెనకబడింది.

"స్వరాజ్యం, జర జోరుగ పోనియ్యి," అంది కాంతమ్మ. "వాంతి అస్తలేదు."

వెనకెవరున్నారో స్వరాజ్యం చూడలేదు. రోడ్డు ఎదురొస్తోంది.